టీచర్ గారి వీణకి మేళం కట్టించాను

నాకు చేతులు ఊరుకోవు. ఎదుటి మనిషి బొట్టు పక్కకి జరిగితే సరిచేసేస్తాను. పెళ్ళిలో ఎవరి కుచ్చిళ్ళు ఎగుడుదిగుడుగా కనిపించినా పక్కకి పిలిచి సర్దుతాను. మా ఆయన దీనికి రిపేరు జబ్బు అని పేరు పెట్టారు. "నువ్వు గుళ్ళోకి వెళ్ళినా స్వామి మెళ్ళో దండ వంకరగా ఉందంటావు" అంటారు. ఒకసారి అన్నాను కూడా. ఈ జబ్బు వల్ల ఇన్నేళ్ళలో నలుగురు మొహం చిట్లించుకుని ఉంటారు గానీ ఎవరికీ పెద్ద నష్టం జరగలేదు. జరిగిన ఒక్క నష్టం గురించి ఇప్పుడు రాస్తున్నాను.

రాజమండ్రిలో మేం కొందరం కలిసి వేసవి సెలవుల్లో మూడు రోజులు వీణ వర్క్‌షాప్ పెడతాం. ఒక ఫంక్షన్ హాలు అద్దెకి తీసుకుంటాం. కరపత్రం మీద "ఏ స్థాయి వారైనా, ఏ బాణీ వారైనా రావచ్చు" అని వేస్తాం. అలా వేసిన పాపానికి అందరూ వస్తారు. సరళీ వరసలు నిన్ననే మొదలుపెట్టిన పిల్లలు, రిటైరయ్యాక తీరిక దొరికిన బ్యాంకు మేనేజర్లు, కచేరీలు చేసే విద్వాంసులు, వీణకి కరెంటు వైరు తగిలించి సినిమా పాటలు వాయించేవాళ్ళు, భజనలు తప్ప ఇంకేం ముట్టుకోని ఆడవాళ్ళు. మొదటి రోజు పొద్దున్న హాల్లో అరవై వీణలు ఒకేసారి శ్రుతి చేసుకుంటుంటే వినాలి. నా తలకాయ పగిలిపోతుంది. అయినా ఆ గంట కోసం ఏడాది పొడుగునా ఎదురు చూస్తాను.

నేను విద్వాంసురాలిని కాను. మండపేటలో మాది బియ్యం వ్యాపారం. ఇంట్లో పని తెమిలాక ఓ గంట వాయించుకుంటాను. వర్క్‌షాప్‌లో నా పని పెత్తనం చెయ్యడం. ఎవరు ఏ గదిలో కూర్చోవాలి, ఎవరు ఎంతసేపు వాయించాలి, టిఫిన్లో పెసరట్టు పెట్టాలా ఇడ్లీ పెట్టాలా, అన్నీ నేనే చెబుతాను.

నాకు వీణ నేర్పింది నిడదవోలులో ఒక టీచర్ గారు. మా నాన్నగారికి అక్కడ బట్టల కొట్టు ఉండేది. తొమ్మిదో ఏట నన్ను తీసుకెళ్ళి ఆవిడ ముందు కూర్చోబెట్టారు. పెళ్ళయి మండపేట వచ్చేదాకా పన్నెండేళ్ళు ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాఠాలే. పిల్లలందరినీ "ఏమే" అనే పిలిచేవారు, పేర్లు పెట్టి పిలవడం తక్కువ. వేళ్ళు తప్పితే వెదురు పుల్లతో చిన్నగా తట్టేవారు. నాకు ఎక్కువే తగిలాయి.

నాలుగైదేళ్ళ కిందట ఆవిడకి మతిమరుపు మొదలైంది. ముందు స్టవ్ కట్టేయడం మర్చిపోయారు. తర్వాత తిన్నారో లేదో మర్చిపోయారు. ఆ తర్వాత మనుషుల్ని మర్చిపోయారు. చెవులు కూడా బాగా మందగించాయి. పక్క వీధిలో ఉండే మేనకోడలు తన ఇంటికి తీసుకొచ్చేసింది. నేను శనివారం శనివారం వెళ్ళేదాన్ని. నన్ను చూసి ఆవిడ ఎంతో మర్యాదగా "రండి, కూర్చోండి, ఏ ఊరండి?" అనేవారు. పన్నెండేళ్ళు ఏమే అని పిలిచిన మనిషి నన్ను అండీ అంటుంటే ఎక్కడ దాక్కోవాలో తెలిసేది కాదు.

కానీ సాయంత్రం అయిదింటికి మాత్రం ఆవిడ లేచి కాళ్ళు కడుక్కుని చాప మీద కూర్చునేవారు. మేనకోడలు వీణ తెచ్చి ముందు పెట్టేది. అది ఆవిడ పదహారో ఏట వాళ్ళ నాన్నగారు చేయించిన పనస చెక్క వీణ. కల్యాణి రాగంలో ఒక కీర్తన, రోజూ అదొక్కటే, మొదటినుంచి చివరిదాకా వాయించేవారు. ఆ చెవులకి ఎంత వినిపించేదో దేవుడికే తెలియాలి. చేతులు మాత్రం తడుముకునేవి కావు. వాయించినంతసేపూ ఆవిడ ఆవిడే. మధ్యలో తలెత్తి నన్ను చూసి "ఏమే, ఊరికే చూస్తావేం, తాళం వెయ్యి" అనేవారు. నేను గబగబా తాళం వేసేదాన్ని. కీర్తన అయిపోయాక వీణని కొంగుతో తుడిచి పక్కన పెట్టి, నా వైపు తిరిగి, "కాఫీ తాగుతారాండి?" అనేవారు.

ఆ ఒక్క "ఏమే" కోసం నేను మండపేట నుంచి నిడదవోలు దాకా రెండు బస్సులు మారి వెళ్ళేదాన్ని. మేనకోడలు కూడా అదే మాట అంది. "రోజంతా ఎవరో పెద్దావిడని చూసుకుంటున్నట్టు ఉంటుందక్కా. ఆ అరగంటే మా అత్త ఇంటికొచ్చినట్టు ఉంటుంది" అంది.

పోయినసారి వర్క్‌షాప్ ఏర్పాట్లు మొదలుపెట్టినప్పుడు నాకో బుద్ధి పుట్టింది. మూడో రోజు సాయంత్రం, సరిగ్గా అయిదింటికి, టీచర్ గారిని తీసుకొచ్చి వేదిక మీద కూర్చోబెట్టాలి. అరవై మంది ముందు ఆవిడ కల్యాణి వాయించాలి. ఏ స్థాయి వారైనా అంటున్నాం కదా, జ్ఞాపకం పోయినా చెయ్యి పోని స్థాయి కూడా ఒకటుందని అందరూ చూడాలి. ఇవన్నీ పైకి చెప్పిన మాటలు. లోపల ఉన్నది వేరు. ఈవిడ మా టీచర్ గారు అని నేను చెప్పుకోవాలి. నిజం ఒప్పుకుంటే పోయేదేం లేదు ఇప్పుడు.

ఒక్కటే చిక్కు. ఆ వీణ బాగా పాతబడింది. మెట్లు తీగ రాపిడికి అరిగి గాట్లు పడ్డాయి. వీణ మెట్లని ఇత్తడితో చేసి, నల్లటి మైనంలో కూరుస్తారు. ఆ మైనం ఎండలకి మెత్తబడుతుంది, ఏళ్ళు గడిస్తే పెళుసెక్కుతుంది. మెట్లు అటూ ఇటూ జరుగుతాయి. అందుకే కొన్నేళ్ళకొకసారి పాత మైనం గీకేసి, కరిగించి, మెట్లన్నీ మళ్ళీ కూర్చాలి. దాన్నే మేళం కట్టడం అంటాం. టీచర్ గారి వీణకి మేళం కట్టించి ఇరవై ఏళ్ళు దాటింది. పై స్థాయిలో స్వరాలు కొంచెం దిగి పలుకుతున్నాయి. రెండు మెట్ల దగ్గర జీర వస్తోంది. ఇంట్లో నాకూ మేనకోడలికీ అది పట్టేది కాదు. కానీ వేదిక మీద, మైకులో, విద్వాంసుల ముందు? ముందు వరసలో కూర్చున్నవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారని నాకు భయం వేసింది.

మా వర్క్‌షాప్‌కి మేళం కట్టే ఆయన ఒకాయన వస్తారు. హాలు వెనక వరండాలో కుంపటి పెట్టుకుని, మూడు రోజులూ వచ్చినవాళ్ళ వీణలు బాగుచేస్తారు. మొదటి రోజు పొద్దున్నే ఆయనకిచ్చేస్తే మూడో రోజుకి కొత్తగా అయిపోతుందని లెక్క వేసుకున్నాను.

ముందు రోజు కారులో నిడదవోలు వెళ్ళాను. మేనకోడలు వీణ ఇవ్వడానికి వెనకాడింది.

"రోజూ వాయించుకుంటోంది కదక్కా. ఆవిడకి బాగానే ఉంది. అలా వదిలేద్దామా?"

"మూడు రోజులే అమ్మా. నలుగురిలో అపస్వరం పలికితే ఆవిడకే కదా మాట."

"ఆవిడకి మాటేంటక్కా ఇప్పుడు?"

 ఆ మాట విననట్టే వీణని బొంతలో చుట్టించి వెనక సీట్లో పడుకోబెట్టాను. టీచర్ గారు గుమ్మంలో నుంచుని చూస్తున్నారు. "ఎక్కడికండీ తీసుకెళ్తున్నారు?" అన్నారు. చెవి దగ్గరికి వంగి, బాగుచేయించి తెస్తానండి అని గట్టిగా చెప్పాను. "త్వరగా తెచ్చేయండి, సాయంత్రం పని ఉంది" అన్నారు. కొవ్వూరు వంతెన ఎక్కాక నాకు ఆ మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది. అప్పుడు నవ్వాను.

మేళం కట్టే ఆయన వీణని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు మెట్ల మీద బొటనవేలితో రాసి చూశారు. అరవై దాటిన మనిషి, మాట తక్కువ.

"ఎవరిదండి ఈ వీణ?"

"మా టీచర్ గారిది."

"ఆవిడ రాలేదా? మేళం కట్టేటప్పుడు వాయించే మనిషి ఎదురుగా కూర్చోవాలి కదండి."

అది నాకు తెలియని సంగతేం కాదు. చిన్నప్పుడు నిడదవోలులో, ఇదే వీణకి మేళం కడుతుండగా, నేను పక్కన కూర్చుని చూశాను. మేళం కట్టే పనివాడు ఒక్కొక్క మెట్టూ మెత్తటి మైనం మీద పెట్టడం, టీచర్ గారు మీటి వినడం, "ఇంకొంచెం కిందికి, ఆఁ, కాదు, మళ్ళీ పైకి" అనడం. ఒక్క మెట్టు దగ్గర పూట గడిచిపోయింది. ఆ పనివాడు విసుగ్గా "ఇది శ్రుతికే ఉందండమ్మా" అన్నాడు. "నీ శ్రుతికి ఉంది నాయనా, నా వేలికి లేదు" అన్నారు టీచర్ గారు. ఇరవై నాలుగు మెట్లకి రెండు రోజులు పట్టింది. ఏ చేతికి ఆ మేళం. ఒకరి వీణ ఇంకొకరు వాయించినా కడుతున్నప్పుడు మాత్రం ఎదురుగా ఉండాల్సింది దాని మనిషే. వీణ పట్టిన ఏ ఇంట్లోనైనా ఇది తెలిసిన సంగతే.

అంతా తెలిసీ నేను, "ఆవిడకి ఒంట్లో బాగాలేదండి. నేనున్నాగా, పన్నెండేళ్ళు ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. నేను కూర్చుంటాను" అన్నాను.

ఆయన కుంపటి దగ్గరికి జరుపుకున్నారు. "మీ ఇష్టమండి" అన్నారు.

నేను కూర్చున్నాను. ఆవిడ స్థానంలో కాలు మడిచి దర్జాగా కూర్చున్నాను. ఫోన్లో శ్రుతి చూపించే యాప్ పెట్టుకున్నాను. ప్రతి మెట్టునీ ఆకుపచ్చ గీత దగ్గరికి తెప్పించాను. పై స్థాయిలో టీచర్ గారి మెట్లు ఎంతెంత దిగి ఉన్నాయో చూసి, ఇన్నాళ్ళూ ఎలా వాయిస్తున్నారో పాపం అనుకున్నాను. మెట్ల మీది గాట్లు పోయేలా ఆకురాయితో సాపు చేయించాను. ఆయన రెండుసార్లు అడిగారు, "ఇవి కూడా తీసేయమంటారాండి?" అని. తీసేయమన్నాను. అద్దంలా మెరిశాయి. రెండో రోజు సాయంత్రానికి పని అయిపోయింది. నేను మీటి చూశాను. ఎంత బాగా పలికిందంటే నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినిపించాను. కరెంటు వీణ ఆయన కూడా వచ్చి మెచ్చుకుని వెళ్ళారు. ఆ రాత్రి మా ఆయనకి ఫోన్ చేసి, "చూశారా, రిపేరు జబ్బు అని వెక్కిరిస్తారు" అన్నాను.

మూడో రోజు నాలుగున్నరకి మేనకోడలు టీచర్ గారిని కారులో తీసుకొచ్చింది. ఆవిడకి జరీ అంచు తెల్ల చీర కట్టింది. మూడు రోజులుగా సాయంత్రం అయిదింటికి చాప మీద కూర్చుని వీణ ఏదని అడుగుతూనే ఉన్నారట. "ఇవాళ దొరుకుతుంది అత్తా" అని చెప్పి తీసుకొచ్చిందట. హాలు నిండా మనుషుల్ని చూసి టీచర్ గారు ఏం కంగారు పడలేదు. వేదిక ఎక్కి, కాళ్ళు సర్దుకుని, చేతులు చాచారు. నేను వీణ తీసుకెళ్ళి ఎంతో గర్వంగా ముందు పెట్టాను. మైకులో ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పాను. అయిదయింది.

ఆవిడ మొదట కుడిచేత్తో తీగలు మీటారు. తల ఊపారు. ఎడమ చెయ్యి మెట్ల మీదికి వెళ్ళింది. అక్కడ ఆగింది.

వేళ్ళతో మెట్టు మీద రాశారు. పక్క మెట్టు మీద రాశారు. మళ్ళీ వెనక్కి వచ్చారు. కరెంటు పోయినప్పుడు పరాయి ఇంట్లో అగ్గిపెట్టె కోసం వెతుకుతున్నట్టు ఆ చెయ్యి తడుముకుంటోంది. కీర్తన ఎత్తుకున్నారు. మొదటి పాదం సగంలో వేలు జారింది. మళ్ళీ మొదలుపెట్టారు. అదే చోట మళ్ళీ ఆగిపోయారు. మూడోసారి రెండు స్వరాలకే ఆగారు. చెవులు చెప్పలేని దారిని ఇన్నాళ్ళూ ఆ గాట్లే చెబుతూ వచ్చాయని, తీగ పక్కన ఆ చిన్న గుంటలని వేలితో పట్టుకునే ఆవిడ ముందుకి వెళ్తున్నారని, నాకు అప్పుడు, అరవై మంది ముందు, మైకు చేత్తో పట్టుకుని నుంచున్నప్పుడు తెలిసింది. 

హాల్లో ఎవరూ నవ్వలేదు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోనూ లేదు. నేను భయపడిన మనుషులెవరూ అక్కడ లేరు.

టీచర్ గారు మీటడం ఆపేసి, కొంగుతో వీణ శుభ్రంగా తుడిచారు. తల తిప్పి నన్ను చూశారు. "ఏమే" అంటారేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. తిట్టినా సరే.

"మంచి వీణండి. కొత్తదిలా ఉంది" అన్నారు. "ఎవరిదో జాగ్రత్తగా ఇచ్చేయండి. నాది తెప్పించండి."

మేనకోడలు వచ్చి చెయ్యి పట్టుకుని కిందికి దింపింది.  నా వైపు చూడలేదు. కారు వెళ్ళిపోయాక నేను వెనక వరండాలోకి వెళ్ళి కూర్చున్నాను. మేళం ఆయన కుంపటి ఆర్పుతున్నారు. "నేను అడిగానండి" అని ఆయన అనలేదు. అని ఉంటే బాగుండేది, ఆయన మీదైనా అరిచేదాన్ని.

తర్వాత వారం ఆయన్ని బతిమాలి నిడదవోలు తీసుకెళ్ళాను. ఆయన కుంపటీ మైనం తెచ్చుకున్నారు. పాత మెట్లు ఎలా ఉండేవో ఆయనకి గుర్తుంది గానీ కొలత లేదు. ఎవరి దగ్గరా లేదు. అది ఆవిడ వేళ్ళలో తప్ప ఎక్కడా రాసిలేదు. "ఆవిడ ఎదురుగా కూర్చుని ఇక్కడ, ఇక్కడ అని చూపిస్తే నేను పెట్టగలనండి" అన్నారు. టీచర్ గారిని తీసుకొచ్చి చాప మీద కూర్చోబెట్టాం. ఆయన ఒక మెట్టు మెత్తటి మైనం మీద పెట్టి, వంగి, చెవిలో గట్టిగా అడిగారు. "అమ్మా, ఇది ఎక్కడ ఉండాలండి?"

ఆవిడ మెట్టు వైపు, ఆయన వైపు, ఇద్దరి వెనకా నుంచున్న నా వైపు చూశారు. "అది నాకెలా తెలుస్తుంది నాయనా. వీణ ఎవరిదో వాళ్ళని పిలిచి కూర్చోబెట్టుకోండి" అన్నారు. చాలా సౌమ్యంగా చెప్పారు.

ఆయన ఆ మెట్టుని తిరిగి మైనంలో కూర్చేశారు. తనకి తోచినట్టు కొన్ని దించారు, ఆకురాయితో గాట్లు పెట్టబోయి, వద్దులెండి అని మానేశారు. సాయంత్రం అయిదింటికి వీణ ముందు పెడితే, టీచర్ గారు ఒకసారి మెట్ల మీద చెయ్యి రాసి, పక్కకి జరిపేశారు.

అప్పటినుంచి ఆ ఇంట్లో కల్యాణి లేదు. అయిదింటికి ఆవిడ కాళ్ళు కడుక్కుని చాప మీద కూర్చోవడం మాత్రం మానలేదు. అరగంట అలా ఖాళీగా కూర్చుని, లేచి వెళ్ళిపోతారు. మేనకోడలు ఆ టైముకి వంటింట్లో ఏదో పని పెట్టుకుంటుంది. ఈ వేసవి వర్క్‌షాప్‌కి నేను వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పాను. పెత్తనానికి ఇంకొకరు దొరికారట, టిఫిన్లు బాగున్నాయట.

శనివారాలు మాత్రం మానలేదు. మానడానికి వీల్లేకుండా పోయింది. మేనకోడలి పేరు ఆవిడకి గుర్తు లేదు. సొంత తమ్ముడు వస్తే ఎవరండీ అని అడిగారు. రెండేళ్ళుగా నన్నూ అలాగే అడిగేవారు కదా, ఇప్పుడు అడగరు. నేను గేటు తీస్తుండగానే గుర్తుపడతారు. ఇన్ని మొహాలు చెరిగిపోయిన ఆ బుర్రలో నా మొహం ఒక్కటి నిలబడింది. గుమ్మంలోకి ఎదురొచ్చి, నా రెండు చేతుల వైపూ చూసి, అడుగుతారు.

"వచ్చారా. నా వీణ తీసుకెళ్ళింది మీరే కదండి. తెచ్చారా?"

వచ్చే శనివారం తెస్తానండి అని చెబుతాను.